శాస్త్రిగారు మసి పూసిన పుస్తకం

సోమగిరి రాజుగారికి ఒక పుస్తకం విన్నాక నవ్వూ కోపమూ రెండూ ఒకేసారి వచ్చాయి. ఏది ఎక్కువో తేలక దర్బారు పెట్టించారు.

రాసినవాడు ఓబన్న. రెండేళ్లు కూర్చుని తాటాకుల మీద గంటంతో గీకిన కథ. ఉన్నది ఒక్కటే ప్రతి. అందులో సింహంరాజు సభలో గురకపెడతాడు. ఆస్థాన కవి నెమలి, తన తోక మీద తనే పద్యాలు చెప్పుకుంటుంది.

"తగలబెట్టించండి ప్రభూ! ఆ నెమలిని నేనే!" అన్నారు ఆస్థాన కవి పేరిశాస్త్రి.

"మీ పేరు ఎక్కడా రాయలేదే?"

"తోక వర్ణన చూస్తే తెలియడం లేదూ?"

సభలో ఎవరో దగ్గారు.

రాజుగారు అక్కాంబ వైపు తిరిగారు. ఆయనకు పుస్తకాలు చదివి వినిపించేది ఆవిడే. "బాగుందా, లేదా? ఒక్క మాటలో చెప్పు. లేదంటే పొయ్యిలోకే."

అక్కాంబ ఓబన్న వైపు చూసింది. సభ మధ్యలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఒక్క మాట చాలదు ప్రభూ. సగం పుస్తకానికి కడుపుబ్బ నవ్వాను. నక్క ఉపన్యాసానికి ఆవులించాను. నెమలిని చూస్తే జాలేసింది, మరీ అంత ఏడిపించాలా అని."

"నాన్చకు!"

"అయితే శాస్త్రిగారికి నచ్చని ఆకులకు ఆయన చేత్తోనే మసి పూయనివ్వండి. పైపైన నేను తుడుస్తాను. ఆ తర్వాత మాత్రం పుస్తకాన్ని కాల్చకూడదు."

"సమ్మతమేనా శాస్త్రిగారూ?"

"ఓ! దివ్యంగా!"

నూనెలో కలిపిన దీపపు మసి వచ్చింది. శాస్త్రిగారు నెమలి ఉన్న ప్రతి ఆకుకూ మోచేతులదాకా నల్లబడేట్టు పట్టించారు. మూలనున్న లేఖకులు ఉత్తరీయాలు నోట్లో కుక్కుకున్నారు.

అక్కాంబ గుడ్డతో తుడిచి ఆకు పైకెత్తింది. ఇంతదాకా దీపం దగ్గర పెట్టి చూస్తే తప్ప కనబడని గీతలు, నల్లగా నిగనిగలాడుతున్నాయి. రాజుగారు సింహాసనం మీంచే చదివేశారు.

"ఇదేం మాయ?" అన్నారు శాస్త్రిగారు.

"మాయేం లేదండీ. గీకిన అక్షరానికి మసి పడితేనే కళ. ఓబన్నకు ఆ తీరిక చిక్కలేదు. రాసేవాళ్లందరికీ తెలిసిన సంగతే. మీరు చెబుతారు, శిష్యులు రాస్తారు, మీకెలా తెలుస్తుంది?"

సభ గొల్లున నవ్వింది. నల్లటి చేతులు చూసుకుని శాస్త్రిగారికీ నవ్వాగలేదు.

రాజుగారు ముత్యాల దండ తీసి అక్కాంబకిచ్చారు. ఓబన్నకు పుస్తకం తిరిగిచ్చి, నక్క ఉపన్యాసం కత్తిరించమన్నారు. ఆపై కళ్లు తుడుచుకుంటూ కేకేశారు.

"పుస్తకాన్ని పూర్తి చేసిపెట్టినందుకు శాస్త్రిగారికీ ఒక శాలువా తెండర్రా! నల్లది!"