కాలకముందు పువ్వు రంగు

“కొండ మీద పువ్వొకటి కోసి తెస్తినే, కొంగులోన దాచుకుంటే...” తరువాతి ముక్క నాకు గుర్తు లేదు. చిన్నప్పుడు పాడుకున్న పాట. తల్లీ తండ్రీ లేని నా మనవరాలు హైమ ఆ ఖాళీలో రోజుకో ముక్క కల్పించి పాడేది. అది కాదే, సరిగా పాడు అనేదాన్ని. సరైనదేదో నాకు తెలిస్తే కదా. కొన్నాళ్లకు పిల్ల పాట మానేసింది. ఆ పైన మాట కూడా తగ్గించింది.

ముసలితనంలో నాకు అక్షరాలు దిద్దించిన వకుళమ్మగారితో ఆ దిగులే చెప్పుకున్నాను. దాని జడ వంకరగా ఉంటే విప్పి మళ్లీ వేస్తున్నాను, రాసింది చెరిపి రాయిస్తున్నాను, అయినా నా మనసు కుదుటపడటం లేదన్నాను. “దీన్ని సరిగా పెంచుతున్నానో లేదో నాకెప్పుడు తెలుస్తుందమ్మగారూ?”

ఆవిడ దేనికీ తిన్నగా జవాబు చెప్పరు. కనకాంబరాలు మాల కడుతూ చీనా దేశపు కథ ఒకటి ఎత్తుకున్నారు.

అక్కడ చక్రవర్తి కొలువులో పింగాణీ గిన్నెల మీద పూలు వేసే షెన్ అనే చిత్రకారుడు ఉండేవాడట. రాజమాత పుట్టినరోజుకి ఒక జత గిన్నెలు చేయమన్నారు. మన ముద్దబంతి కంటే రేకులెక్కువ ఉండే వాళ్ల దేశపు పువ్వు, గులాబి రంగుది, వాటి మీద వేయాలి. ఆ రంగులో బంగారం కలుస్తుంది. పూసినప్పుడు మాత్రం మట్టిలా ఉంటుంది. బట్టీలో కాలాకే గులాబిగా తేలుతుంది. పల్చగా ఒక్క పూత వేసి నిప్పుకి అప్పగించడం అక్కడి పద్ధతి. షెన్‌కి ఇదంతా తెలుసు. మొదటి గిన్నె అలాగే చేశాడు. రెండోది చేస్తుండగా పక్కవాడు తొంగిచూసి, “ఏమయ్యా షెన్, రాజమాతకి బురద పూలా?” అని నవ్వాడు. దాంతో గుండెలో గుబులు పట్టుకుంది. రంగు తేలకపోతే కొలువు పోతుంది. ఇంకో పూత వేశాడు. ఆరాక చూస్తే ఇంకా మట్టే. మళ్లీ వేశాడు. కంటికి కాస్త ఎర్రగా ఆనేదాకా చెయ్యి ఆపలేదు.

రెండూ ఒకే బట్టీలో కాలాయి. తెరిచి చూస్తే మొదటి గిన్నె మీద పూలు అప్పుడే విచ్చినట్టున్నాయి. రెండోదాని మీద రంగు మందమై, పగిలి, పెచ్చులుగా ఊడిపోయింది. జతలో ఒకటి చెడితే మిగిలింది కూడా సభకి పోదు. అధికారి రెంటినీ పగలగొట్టమన్నాడు. ఇన్ని పూతలెందుకయ్యా అని అడిగితే షెన్, “ఎర్రగా కనబడలేదు, భయమేసింది,” అన్నాడట.

మరి అతని కొలువు ఏమైందని అడిగాను. వకుళమ్మగారు దారం తెంపి, మాల నా చేతిలో పెట్టి, గుమ్మం దాకా వచ్చారు. ఆ వారంలోనే ఆవిడ పోయారు. అందుకని అప్పుడన్నదే నాతో అన్న ఆఖరి మాట అయింది.

“రేపు దాని జడ దాన్నే వేసుకోనీ నరసమ్మా. వంకరగా ఉన్నా వేలు పెట్టకు. ఈ పూలు మాత్రం పెట్టు.”