కుడి ఎవరిది?

ఒకానొక రాజ్యంలో ఒక మలుపు ఉండేది. రాజు కూడా ఉన్నాడనుకోండి, రాజు లేని రాజ్యం ఎక్కడైనా ఉంటుందా! కానీ ఈ కథ మలుపు దగ్గరే మొదలవ్వాలి.

మణిగిరి కోటగుమ్మం ఎదుటికి ఉత్తరం నుంచి పెద్దవీధి వచ్చి, తూర్పుకూ పడమటికీ చీలేది. ఒకనాడు అక్కడ రెండు గడ్డిబండ్లు ఢీకొని రాజుగారి పల్లకి ఆగిపోయింది. విక్రమకేతు మహారాజుకు ఒళ్లు మండింది. గుమ్మం మీది మేడలో వీధికేసి తిరిగి నిలబడి, "ఇకమీదట ప్రతి బండీ కుడివైపుకే తిరగాలి. తప్పితే ఎద్దులు జప్తు!" అని గర్జించాడు. తన మాటకు వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదని ఆయన గట్టి నమ్మకం.

తొలకరి పడింది. విత్తనాలు కొందామని చెన్నడనే రైతు పట్నం వచ్చి, ఆ మలుపులో ఎడమకు తిరిగాడు. కొత్వాలు అక్కడికక్కడే ఎద్దుల్ని విప్పించాడు.

"అదును పోతుంది సామీ! ఎద్దుల్లేకపోతే పిల్లలకేం పెట్టను?" అని చెన్నడు కాళ్లా వేళ్లా పడ్డాడు.

ఆస్థానంలో చమత్కారి ఓబళయ్య అటుగా పోతూ ఇది చూశాడు. నోరు దురుసే గాని మనసు వెన్న. ఊరుకోలేక, విచారణ ఆ మలుపు దగ్గరే జరగాలని రాజుగారిని వేడుకున్నాడు. బండిని మళ్లీ కోటకు ఎదురుగా నిలబెట్టించి, తాను మహారాజు నిలబడ్డ మేడెక్కాడు.

"ఏమయ్యా, వీడు ఎడమకు తిరగలేదంటావా?" అన్నాడు మహారాజు.

"తిరిగాడు ప్రభూ."

"మరింకేం?"

"దాపటెద్దు కొత్తది సామీ, ఎడమకు లాగేసి..." అంటూ కింద నుంచి చెన్నడు మొదలుపెట్టాడు.

"నీ తరఫున మాట్లాడేది నేనా, నువ్వా? నోరు మూసుకో నాయనా!" అని కసిరి, ఓబళయ్య చేతులు జోడించాడు. "ప్రభూ, ఒక్కసారి తమ కుడిచెయ్యి చాపండి."

మహారాజు ఠీవిగా చాపాడు. బంగారు కడియం తళుక్కుమంది.

"కొత్వాలుగారూ, ఏలినవారి చెయ్యి ఎటు చూపిస్తోంది?"

"తూర్పుకు."

"చెన్నడు ఎటు తిరిగాడు?"

"తూర్పుకే."

"రోజూ మీ గుర్రం ఎటు తిరుగుతుంది?"

"పడమటికి. అదేగా కుడి!"

"విన్నారా ప్రభూ! తమరు ఇటు చూపిస్తుంటే ఈయన అటు పోతున్నాడు."

కొత్వాలు వీధికేసి చెయ్యి చూపించాడు. "అంటే... వీధిలో వచ్చేవాడి కుడి ప్రభూ..."

"ఓహో! ఆజ్ఞ రాజుగారిది, కుడి మాత్రం మీదా?" ఓబళయ్య గొంతు పెంచాడు. "ప్రభువులు ఈ మేడ మీద నిలబడి కుడి అన్నారు. ఆ మాట పాటించింది ఈ ఊళ్లో చెన్నడొక్కడే! జప్తు చేస్తే మిగతా ఊరి ఎద్దులన్నీ, కొత్వాలుగారి గుర్రంతో సహా కట్టెయ్యాలి. కాదు, బండివాడి కుడే అసలు కుడి అంటారా, ఆ మాట తమ నోటితోనే సెలవివ్వండి."

మహారాజు చాపిన చేతిని చూసుకున్నాడు. బండివాడి కుడి ముందు తన కుడి చిన్నదని ఎలా అంటాడు? పోనీ ఊరి ఎద్దులన్నిటినీ కట్టేస్తే వాటికి గడ్డెవరు వేస్తారు? చివరికి పకపకా నవ్వేశాడు.

"మా చేత్తోనే మమ్మల్ని కొట్టావు కదయ్యా! ఎద్దుల్ని వదిలెయ్యండి. ఓబళయ్యా, ఇదిగో, ఈ కడియం నువ్వే తొడుక్కో. దారి చూపడం తెలియని చేతికి నగలెందుకు?"

చెన్నడు కళ్లు తుడుచుకుని ఎద్దుల్ని పూన్చాడు. బండి కదిలి మలుపు దాకా వచ్చింది. అక్కడ పగ్గాలు బిగించి, తలెత్తి చూశాడు.

"ఏలినవారూ, ఇప్పుడెటు తిప్పమంటారు సామీ?"

మహారాజు నవ్వుతూ రెండు చేతులూ ఎత్తేశాడు.