గంటల్లో కుక్కిన గడ్డి

నాంచారి అనే మేకకు ఆరేళ్లు. ఎవరు మాట్లాడుతున్నా ముఖం వైపు కాకుండా కాళ్ల వైపు చూడటం ఆమె అలవాటు.

ఆ ఏడు కొండవాలంతా మాడిపోయింది. మందలో అందరి డొక్కలూ లోపలికి పోయాయి. సరిగ్గా అలాంటప్పుడే నక్క భద్రానికి జాలి పుట్టుకొస్తుంది.

"ఏటికి అవతల మోకాలెత్తు గడ్డి, చెల్లెమ్మా! తినడమే పని. ఇప్పుడే దాటి వస్తున్నా," అన్నాడు.

నాంచారి చూపు కిందికి దిగింది. "ఏట్లో దిగి వచ్చినవాడివి, నీ కాళ్లకు ఎర్రదుమ్మేంటన్నా?"

"తడి ఆరిపోయింది. దుమ్ము దారిలో అంటుకుంది."

"ఎవరిని తీసుకెళ్తావు?"

"వయసులో ఉన్న ఆడపిల్లల్నే. నెమ్మదస్తులు, చెప్పిన మాట వింటారు."

"అంత మంచి చోటైతే మన మేకపోతులు ఈపాటికి ఒకళ్లనొకళ్లు తొక్కుకుంటూ పోయేవాళ్లు కదా! పోయినేడు నీతో వెళ్లినవాళ్లలో ఒక్కతె కూడా చుట్టపుచూపుగానైనా రాలేదేం?"

"తిండి వదిలి ఎవరొస్తారమ్మా?" నవ్వాడు భద్రం.

మందపెద్ద, మేకపోతు వీరన్న గడ్డం ఊపాడు. "ఆడదానివి, నీకిన్ని ఆరాలెందుకు? పోయేవాళ్లు పోతే ఉన్నవాళ్లకు నాలుగాకులు మిగుల్తాయి."

ఆ నాలుగాకులూ ఎవరు తింటారో మందకంతా తెలుసు.

నాంచారి కూతురు బొల్లి అప్పటికే తోటి పిల్లలతో బయల్దేరింది. "ఇక్కడ ఎండి చావలేను. అడ్డం రాకమ్మా!"

"అడ్డం రాను. వెనకాలే వస్తా."

"ఈ వయసులో నీకెందుకమ్మా ప్రయాణం?" భద్రం మొహం మాడింది.

"నాకూ మోకాలెత్తు గడ్డి చూడాలనుంది."

గొడవైతే బేరం చెడుతుందని నక్క ముందు నడిచాడు.

మిట్టమధ్యాహ్నం ఏటి రేవు చేరారు. గట్టు మీద, మంద ఏరు దాటకుండా చూసే కాపలాకుక్కలు తుమ్మచెట్టు నీడన కునుకు తీస్తున్నాయి. "చప్పుడైతే పట్టుకునేది మిమ్మల్నే," అని బెదిరించి, ఒడ్డున మిగిలిన కాస్త పచ్చగడ్డినీ పీకి ప్రతి మెడగంటలోనూ కుక్కాడు భద్రం. గంటలు మూగబోయాయి.

నాంచారి అవతలి ఒడ్డుకేసి చూసింది. గడ్డి లేదు. ముళ్లపొదలున్నాయి. వాటి కింద కాళ్లున్నాయి, డెక్కలు లేని కాళ్లు.

కేక వేస్తే పిల్లలు బెదిరి ఏట్లోకే దూకుతారు. ఆమె కూతురి చెవి దగ్గరకు వంగింది. "ఆకలేస్తోందా?"

"చచ్చేంత."

"నా గంటలోది తిను. నీది నేను తింటా."

అది చూశాక మిగతా మేకలకు ఇంకొకరు చెప్పాలా? ఒకరి గంటలోది ఒకరు లాక్కుని నమిలేశాయి. "ఆపండే!" అని భద్రం అరిచేలోపే గంటలన్నీ గణగణమన్నాయి.

కుక్కలు దూసుకొచ్చాయి. పెద్దకుక్క ముందు మేకలనే గద్దించింది. "దొంగతనంగా దాటుతున్నారటే?"

"పారిపోయేవాణ్ని పట్టుకో ముందు. మమ్మల్ని తీరిగ్గా తిడుదువుగాని," అంది నాంచారి.

కుక్క సిగ్గుపడి, పరిగెత్తి నక్క మెడ కరిచిపట్టింది. అవతల పొదల కింద కాళ్లు మాయమయ్యాయి.

"నా పని రేవు దాకే!" భద్రం గింజుకున్నాడు. "అవతల తోడేళ్లు ఏం చేసుకుంటాయో నాకేం తెలుసు? మీ వీరన్న ఊఁ అన్నాకే తెచ్చా!"

బతుకు చూపిస్తానంటూ ముందుగా నీ చప్పుడు ఆపేవాడు నిన్ను అమ్మడానికే తీసుకెళ్తున్నాడు.

వారం తిరక్కముందే నాంచారి వీరన్నను కుమ్మి మందలోంచి వెళ్లగొట్టింది.