గాలి చెవులు ఎలా పోయాయంటే

ఒకప్పుడు గాలికి చెవులుండేవి. నవ్వకండి, నిజంగానే ఉండేవి. చేటంత చెవులు! ఎంత దూరంనుంచి పిలిచినా వినేవాడు, వినగానే వచ్చేవాడు. ఊళ్ళోవాళ్ళు అతన్ని గాలయ్య అనేవాళ్ళు.

గాలయ్య దేవుడే. మరీ పెద్ద దేవుడేం కాదు. గుడి లేదు, పూజారి లేడు. కళ్ళం దేవుడు. కళ్ళమంటే తెలుసుగా? కోసిన పంటని ఎద్దులచేత తొక్కించి గింజ రాలగొట్టే చోటు.

గింజ రాలితే పని అయిపోదు. దాన్నిండా పొట్టుంటుంది. ఎత్తు పీట ఎక్కి, చేటలో గింజ పోసుకుని పైనుంచి మెల్లిగా జారవిడవాలి. అప్పుడు గాలి వచ్చి పొట్టుని అవతలికి ఎగరగొడుతుంది. గింజ పీట కింద పడుతుంది. దాన్నే తూర్పారబట్టడం అంటారు. గాలి రాకపోతే పీటమీద నిలబడి దిక్కులు చూడాల్సిందే.

అందుకని ఆ కొండకింది ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. కళ్ళం చేసిన ప్రతి ఇంటివాళ్ళూ ముందుగా ఆవుపేడతో ఒక ముద్ద చేసేవాళ్ళు. కళ్ళకి రెండు చింతగింజలు గుచ్చేవాళ్ళు. వేలితో నోరు గీసేవాళ్ళు. చివరికి అటూ ఇటూ నొక్కి రెండు చెవులు లాగేవాళ్ళు. ఆ ముద్దని కళ్ళం మూల పెట్టి, దాని ముందు చేటెడు గింజ పోసి, "గాలయ్యా, రావయ్యా!" అని ఈల వేసేవాళ్ళు. ఈల ఆగకముందే గాలయ్య దిగేవాడు.

ఒక ఏడు గాలయ్య ముందుగా తవిటమ్మ కళ్ళానికి వెళ్ళాడు. తవిటమ్మ ఊరి చివర ఉండే ముసలమ్మ. ఆవిడకి ఉన్నదల్లా గుడ్డపీలికంత చోడి చేను, అదే రాగి చేను. ఆ పని చూసుకుని, తర్వాత గౌరునాయుడి కళ్ళానికి వచ్చాడు. గౌరునాయుడు ఊరి పెద్ద. ఆయన గింజ కొండంత కుప్ప. ఆయన కోపమూ అంతే.

"ఏటిది? నా కళ్ళం ఒదిలీసి ముందు ఆ ముసల్దాని దగ్గరకెల్తావా?" అన్నాడు గౌరునాయుడు.

"ఆవిడ ముందు పిలిచింది" అన్నాడు గాలయ్య.

"అబ్బో! పిలిస్తే ఒచ్చీవోడివి, నువ్వో పెద్ద దేవుడివేటి? మేం పేడముద్ద సేసి సెవులు పెడితే నువ్వు దేవుడివి. మానీసామంటే నువ్వే నేవు!"

గాలయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను లేనా? మీ తాతల తాతలు పుట్టకముందునుంచీ ఉన్నాను. మీరు నమ్మితే ఎంత, మానితే ఎంత! నువ్వు వచ్చి నా ముందు సాగిలపడేదాకా ఈ ఊళ్ళో ఆకు కదిలితే చూడు!"

"సూసుకుందుం!" అన్నాడు గౌరునాయుడు.

అలా ఇద్దరికీ చెడింది. గాలయ్య వెళ్ళి కొండమీద కూర్చున్నాడు.

మరుసటేడు గౌరునాయుడి మాటకి జడిసి ఊళ్ళో ఒక్కరు తప్ప ఎవరూ ముద్ద చెయ్యలేదు. గౌరునాయుడు నలభైమంది కూలీల్ని పెట్టాడు. ఇద్దరిద్దరు చొప్పున దుప్పట్లు పట్టుకుని టపటపా విసిరారు. పొట్టు పోయింది, గింజ గాదెలో పడింది. మిగతావాళ్ళు ఒకరికొకరు సాయం పట్టుకుని తమ పని తాము చేసుకున్నారు. "సూసారా, దేవుడు నేకపోతే ఏటయింది?" అన్నాడు గౌరునాయుడు మీసం దువ్వుకుంటూ.

దుప్పటి విసిరే చేతులున్నవాళ్ళకి ఏమీ కాలేదు, నిజమే. చేతులు లేనిది తవిటమ్మకి. కొడుకు కాలు విరిగి మంచంలో ఉన్నాడు. కోడలు పచ్చి బాలింత. ఆ పసిగుడ్డుకి పాలు పడాలంటే తల్లి కడుపులో చోడి అంబలి పడాలి. ఆ చోళ్ళు కళ్ళంలో పొట్టుతో కలిసి పడున్నాయి. పక్కింటి కన్నమ్మ చంకలో తన చంటిపిల్లతో వచ్చి సాయం పడతానంది. తవిటమ్మే వద్దంది.

"నీ పని నువ్వు సూసుకోయే. నాకు గాలయ్యున్నాడు" అంది.

ఆవుపేడ తెచ్చి ముద్ద చేసింది. చింతగింజలు గుచ్చింది. అన్ని ఏళ్ళలోకీ ఆ ఏడే చెవులు పెద్దగా లాగింది. పీటెక్కి ఈల వేసింది. "గాలయ్యా, రావయ్యా!"

కొండమీద గాలయ్యకి వినపడింది. బాగా వినపడింది! కానీ కదల్లేదు. కదిలితే గౌరునాయుడు, "సూసారా, దిగొచ్చీసినాడు!" అని నవ్వుతాడట. అదీ గాలయ్యగారి బాధ.

తవిటమ్మ ఆ రోజంతా పిలిచింది. రెండోరోజూ పిలిచింది. మూడోరోజుకి గొంతు బొంగురుపోయింది. అప్పుడు కొండ వెనకనుంచి ఒక నల్లమబ్బు ఆయాసపడుతూ వచ్చింది.

"గాలన్నా, ఇంక మొయ్యలేను. ఇక్కడే కురిసేస్తాను. కింద ముసలమ్మ గింజ ఉంది, నన్ను కాస్త అటు తోసెయ్యి" అంది మబ్బు.

"తొయ్యను."

"ఆవిడేం చేసింది నిన్ను?"

"ఆవిడేమీ చెయ్యలేదు. ఆ గౌరునాయుడు చేశాడు."

"మరి తడిసేది గౌరునాయుడి గింజ కాదే! అది ఎప్పుడో గాదెలో పడింది."

గాలయ్య మొహం తిప్పుకున్నాడు. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడికొచ్చేసరికి నాకు ఒళ్ళు మండుతుంది. ఒకడు తిడితే ఇంకొకర్ని ఏడిపించే దేవుడు ఏం దేవుడర్రా!

మబ్బు ఎంతసేపని ఆగుతుంది? కురిసింది. తవిటమ్మ తాటాకులు కప్పింది, చాప కప్పింది, చివరికి గింజమీద తనే బోర్లా పడుకుంది. చోళ్ళు ఆవగింజంత ఉంటాయి. ఆవిడ పొట్టకిందనుంచే నీళ్ళు వాటిని లాక్కుపోయాయి. రెండ్రోజులు వాన ఆగలేదు. ఆగేసరికి మిగిలిన గుప్పెడూ మొలకలెత్తి బూజుపట్టింది.

తవిటమ్మ లేచి కళ్ళం మూలకి వెళ్ళింది. అక్కడ బోర్లించిన కుండ ఉంది. వాన మొదలవగానే అన్నిటికంటే ముందు ఆ పేడముద్దమీదే కుండ బోర్లించింది ఆవిడ. కుండ ఎత్తి చూస్తే గాలయ్య మొహం చెక్కుచెదరకుండా పొడిగా ఉంది. దాన్ని చూడగానే ఆవిడకి ఏడుపు ఆగిపోయి కోపం తన్నుకొచ్చింది.

"ఓరి గాలోడా! నిన్ను కుండకింద పెట్టి నాను తడిసినాన్రా! ఊరంతా నువ్వు నేవంటే, ఉన్నావన్నదాన్ని నానొక్కర్తినే. నువ్వు నిజంగా నేకపోతే నాకు కోపమే నేదు. నేని దేవుడి మీద కోపమేటి? ఉండి, ఇని, రానేదు నువ్వు! పిలిస్తే రానోడికి సెవులెందుకురా!"

అని చింతగింజలు పీకేసింది. బొటనవేలితో నోరు చెరిపేసింది. రెండు చెవులూ పటుక్కున తుంచి పొట్టులోకి విసిరేసింది.

కొండమీద గాలయ్యకి ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైపోయింది. పిట్టల అరుపు లేదు, వాగు చప్పుడు లేదు. తడుముకుంటే చెవుల్లేవు, మొహమూ లేదు. అప్పుడర్థమైంది. ఊరందరూ ముద్ద చెయ్యడం మానేసినప్పుడే అవి పోవాలి. ఇన్నాళ్ళూ తవిటమ్మ చేసిన ఒక్క ముద్దమీద నిలబడ్డాయి. ఎవరివల్ల తను దేవుడై ఉన్నాడో, సరిగ్గా ఆవిడ గింజనే వానకి వదిలేశాడు.

మరి గాలి చచ్చిపోయాడా? లేదు. బలం అలాగే ఉంది, పరుగు అలాగే ఉంది. గౌరునాయుడు చెప్పిందీ తప్పే, గాలయ్య చెప్పిందీ తప్పే. దేవుడు పోయాడు. గాలి మిగిలింది.

ఆ గాలి కొండ దిగి పరుగెత్తుకొచ్చింది. "తప్పయిపోయిందమ్మా" అందామనుకుంది. నోరు లేదుగా, హూ హూమని చప్పుడొచ్చింది. కళ్ళం చుట్టూ గిరగిరా తిరుగుతూ తన చెవులకోసం పొట్టంతా ఎత్తి వెతికింది. పేడ చెవులు అప్పటికే బురదలో కలిసిపోయాయి.

"ఇప్పుడొచ్చినావా? పో!" అని అరిచింది తవిటమ్మ. గాలికి వినపడలేదు. తిరుగుతూ తిరుగుతూ వెళ్ళి గౌరునాయుడి గడ్డివాముని ఎత్తి చెల్లాచెదురు చేసింది. ఆయన బయటికొచ్చి, "ఆగు, బాబూ ఆగు!" అని నిజంగానే సాగిలపడ్డాడు. అదీ కనపడలేదు.

ఆ ఏడు తవిటమ్మ ఇంట్లో అడివిదుంపలు ఉడకేసుకు తిన్నారు. కోడలికి పాలు ఎండిపోయాయి. పసిగుడ్డు ఏడుస్తుంటే తవిటమ్మ గుమ్మంలోకి వచ్చి పిలిచింది, పక్కింటి కన్నమ్మని. కన్నమ్మ చేతిలో పని వదిలేసి వచ్చి తన పాలిచ్చింది. ఆ పిల్ల బతికింది. గాలిని మాత్రం తవిటమ్మ చచ్చేదాకా క్షమించలేదు, నేనూ క్షమించను.

అప్పటినుంచే గాలి రమ్మంటే రాదు, ఆగమంటే ఆగదు. అప్పటినుంచే ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఖాళీ కళ్ళాల్లో సుడిగాలి లేస్తుంది. పొట్టూ ఎండుటాకులూ ఎత్తి, గిరగిరా తిప్పి చూసుకుని, ఇవి నా చెవులు కావని కింద పారేసి పోతుంది.