పట్టుగుడ్డతో తుడిచిన వాలుగ

అనగనగా ఒక రాజు. ఆగండాగండి, ఆ రాజుకి ఏడుగురు కొడుకులా అని అప్పుడే అడక్కండి. ముగ్గురే. ఇది ఏడుపు కథ, ముందే చెప్తున్నా. మధ్యలో "వాడు గెలిచాడా, గెలిచాడా" అని నా ప్రాణం తీశారంటే లేచి పోతాను.

ఆ రాజు పేరు కువలయసేనుడు. ఆయన రాజ్యం మధ్యలో పెదమడుగు. ఈ గట్టున నిలబడి చూస్తే ఆ గట్టు కనపడదు, అంత నీరు. మడుగు చుట్టూ నూరు పల్లెలు. నూరు పల్లెలకీ ఆ మడుగే అన్నం. జెల్లలు, బొమ్మిడాయిలు, కొర్రమీలు, ఎన్ని రకాలని చెప్పను! వాటన్నిటికీ పెద్ద వాలుగ. వాలుగని చూశారా ఎప్పుడైనా? మనిషంత పొడుగు, పలకలాంటి తల, ఇంత వెడల్పు నోరు, నోటి నిండా సన్నటి పళ్లు. ఒంటి మీద ఒక్క పొలుసు ఉండదు. నున్నటి చర్మం, దాని మీద జిగట. ఆ జిగట సంగతి మర్చిపోకండి.

రాజుగారికి గాలం వేట అంటే పిచ్చి. వారానికోసారి పడవెక్కి, గాలానికి ఎర గుచ్చి వాలుగ కోసం కూచునేవాడు. పడిందా, ఇక చూడాలి ఆ సంబరం! వాలుగని ఇసుక మీదకి లాగేవారు. త్రాసు కొక్కేనికి దవడ తగిలించి తూచేవారు. డప్పులు మోగేవి, బూరలు ఊదేవారు. ఆ చేప పెదవికి రాజముద్ర ఉన్న బంగారు పోగు కుట్టేవారు. కుట్టాక రాజుగారు స్వయంగా దాన్ని నీళ్లలో వదిలి, "పో, బతుకు" అనేవాడు. జనమంతా జేజేలు కొట్టేవారు. "మా రాజు చేపని చంపడు. ఎంత దయ! ఎంత దయ!" అని చెప్పుకుని మురిసిపోయేవారు.

పోగు కుట్టేముందు చేపని శుభ్రం చెయ్యాలి కదా. ఆ పని చిన్న కొడుకు అరిందముడిది. ఏడేళ్లప్పటి నుంచీ వాడిదే. పట్టుగుడ్డ తీసుకుని తల నుంచి తోక దాకా, తోక నుంచి తల దాకా జిగట పోయేదాకా తుడిచేవాడు. వాలుగ అద్దంలా మెరిసేది. వాడికి ఆ చేపలంటే ఎంత ఇష్టమో! తుడుస్తూ వాటితో మాట్లాడేవాడు. "ఇంకాస్త ఓర్చుకో తల్లీ, అయిపోయింది" అనేవాడు.

జనంలో కారెయ్య అని ముసలి బెస్త ఒకడు ఉండేవాడు. అదేంటో, పట్టుగుడ్డ పైకి తీసినప్పుడల్లా ఏదో అరుస్తూ ముందుకొచ్చేవాడు. డప్పుల మోతలో ఎవడికి వినపడుతుంది? భటులు పక్కకి తోసేసేవారు.

రాజు చేసిందే మంత్రులు చేస్తారు, మంత్రులు చేసిందే ఊరి పెద్దలు చేస్తారు. వాళ్లూ గాలాలు పట్టారు, తుడిచారు, వెండి పోగులూ రాగి పోగులూ కుట్టి వదిలారు. రాజ్యమంతా దయే దయ.

అలా కొన్నేళ్లు జరిగింది. మడుగులో చేప తగ్గింది. ముందు వాలుగ కరువైంది, తర్వాత కొర్రమీను, చివరికి చిన్న జెల్ల కూడా వలలో పడటం గగనమైంది. పల్లెల్లో పొయ్యిలు ఆరిపోయాయి. ఒక్కో ఇల్లే తలుపులు వేసుకుని మూటలు నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది.

రాజు సభ చేశాడు. "నా మడుగులో చేపని ఎవడు తింటున్నాడు?" అని గర్జించాడు.

పెద్దకొడుకు ప్రచండుడు లేచాడు. "నీటికాకులు, నాన్నగారూ!" వెళ్లి నీటికాకులన్నిటినీ బాణాలతో కొట్టేశాడు. చేప రాలేదు.

రెండోవాడు ఉద్దండుడు లేచాడు. "నీటికుక్కలు, నాన్నగారూ!" వెళ్లి నీటికుక్కలన్నిటినీ బొరియల్లోంచి లాగి చంపాడు. చేప రాలేదు. అసలు ఇంకా తగ్గింది.

అప్పుడు రాజజ్యోతిష్కుడు వేళ్లు లెక్కపెట్టి, "మహాప్రభో, ఏడు సముద్రాల అవతల జలకంఠుడని మాంత్రికుడున్నాడు. మన పెదమడుగు వాలుగ వాడి కొలనులో ఈదుతోంది. దొంగ వాడే" అన్నాడు.

చిన్నకొడుకు లేచాడు. "నేను వెళ్తాను. మన చేపని మనకి తెస్తాను" అన్నాడు.

రేవులో నూకాలు పడవ కడుతోంది. నూకాలంటే ఆ ముసలి కారెయ్య మనవరాలు, రాజుగారి వేటపడవ నడిపే పిల్ల. కారెయ్య అప్పటికే పోయాడు. ఆకలితోనే పోయాడు, ఏం దాచను? నూకాలు ఒక కుండలో మడుగు నీళ్లు ముంచి ఇచ్చింది. మనిషంత చేప కుండలో ఎలా పడుతుందని అడక్కండి, కథలో కుండ అది.

"దొరా, మాకు మొత్తం చేపలొద్దు. గుడ్లున్న తల్లిచేప ఒక్కటి తెచ్చి ఇందులో వెయ్యండి చాలు. ఒక్క తల్లి ఉంటే మడుగు మళ్లీ నిండుద్ది. వచ్చే వానలదాకా మావాళ్లని ఎలాగో ఆపుతాను. ఆ తర్వాత ఆగరు."

"తెస్తాను నూకాలూ. ఒట్టు."

గట్టు దాటుతుంటే తుంగలో ఏదో మూలిగింది. చూస్తే నీటికుక్క, రాజ్యంలో మిగిలిన ఒకే ఒక్కటి. కాలికి బాణం దిగి ఉంది. అరిందముడు బాణం తీసి కట్టు కట్టాడు. నీటికుక్క మాట్లాడింది. ఆ, మాట్లాడింది! కథలో మాట్లాడకపోతే మీ ఇంట్లో మాట్లాడుతుందా?

"రాజకుమారా, మేం చేపల్ని తిన్నమాట నిజం. తరతరాలుగా తిన్నాం. ఎప్పుడైనా తగ్గాయా? ఈ మధ్య మాకు దొరికేవన్నీ జబ్బు చేపలే, ఒళ్లంతా తెల్లటి బూజు. ఎందుకో నాకు తెలీదు. సాయం చేశావు కాబట్టి నీతో వస్తాను."

ఇద్దరూ పడవెక్కారు. ఉప్పు సముద్రం దాటారు, చెరుకురసం సముద్రం దాటారు, కల్లు సముద్రం, నెయ్యి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీళ్ల సముద్రం దాటారు. మాంత్రికుడి కోటకి మూడు ద్వారాలు. ఒకదానికి మొసలి కాపలా, ఒకదానికి కొండచిలువ, ఒకదానికి నిప్పుల కుక్క. వాటితో యుద్ధం చేశాడా అంటారేమో, చెయ్యలేదు. నీటికుక్క మూడు ద్వారాల కిందుగా బొరియ తవ్వేసింది.

లోపల చిన్న కొలను. కొలనులో ఒకే ఒక్క వాలుగ. గట్టు మీద జలకంఠుడు, తెల్లగడ్డం ముసలాయన, కన్నార్పకుండా దాన్నే చూస్తూ కూచున్నాడు. చెట్టు చాటు నుంచి అరిందముడు గమనించాడు. వాలుగ నోరు తెరిస్తే ముసలాయన ఆవులించాడు. వాలుగ తోక ఆడిస్తే ఆయన కాలు కదిలింది. ఇంకేం, తెలిసిపోయింది! చిలకలో కాదు, వాడి ప్రాణం ఆ వాలుగలో ఉంది.

మాంత్రికుడు లోపలికి వెళ్లగానే అరిందముడు గాలం వేశాడు. వాలుగ ఎర మింగింది. లోపల "అమ్మా!" అని కేక. ముసలాయన దవడ పట్టుకుని బయటికొచ్చి నేల మీద పడ్డాడు. గాలం చేప నోట్లో ఉంటే ఆయన నోరు పెగలదు, ఊ ఊ అని మూలుగు తప్ప.

"జలకంఠా! నీ ప్రాణం నా చేతిలో ఉంది. మా చేప మాకిస్తావా?"

ముసలాయన తల ఊపాడు, ఇస్తానని.

"అయితే భయపడకు. మా వంశంలో ఎవరూ చేపని చంపరు."

మాట తప్పలేదు వాడు. వాలుగని మెల్లగా ఇసుక మీదకి లాగాడు. గాలం తీసేముందు నడుముకున్న పట్టుగుడ్డ విప్పాడు. ముసలాయన చేతులు ఊపాడు, కాళ్లు కొట్టుకున్నాడు, ఊ ఊ అని ఏడ్చాడు. పిచ్చివాడు, భయపడుతున్నాడనుకున్నాడు అరిందముడు. "ఇంకాస్త ఓర్చుకో తల్లీ, అయిపోయింది" అంటూ తల నుంచి తోక దాకా, తోక నుంచి తల దాకా తుడిచాడు. జీవితంలో అంత ప్రేమగా ఎన్నడూ తుడవలేదు. బంగారు పోగు కుట్టాడు, గాలం తీశాడు, ముసలాయన మాట ప్రకారం మిగతా చేపలన్నీ ఇస్తాడు కదా అని దాన్ని కొలనులోనే వదిలాడు.

"పో, బతుకు" అన్నాడు.

మొదటి రోజు ముసలాయన ఒళ్లు కాలినట్టు ఎర్రబడింది. రెండో రోజు ఒంటి మీద తెల్లటి బూజు దూదిలా లేచింది. మూడో రోజు ఆయన ఒక పక్కకి ఒరిగిపోయాడు. అరిందముడు పక్కన కూచుని నోట్లో నీళ్లు పోస్తూ, "ఏమైంది తాతా? నేను వదిలేశాను కదా!" అని ఏడ్చాడు.

గాలం చీల్చిన నోరు అప్పటికి పెగిలి, ముసలాయన మెల్లగా మాట్లాడాడు.

"ఏమైందా? తుడిచావు నాయనా. పొలుసు లేని చేపకి ఆ జిగటే బట్ట, ఆ జిగటే మందు. పొడి ఇసుక మీద పడేసి, పొడి గుడ్డతో దాన్ని ఊడ్చేశావు. ఇక నీళ్లే దాన్ని తింటాయి."

"మా మడుగులో చేపల్ని నువ్వు దొంగిలించలేదా?"

"నేను తెచ్చింది ఈ ఒక్కదాన్నే. మీ మడుగులో మిగిలిన ఆఖరి తల్లి ఇది. దాని కడుపు నిండా గుడ్లు. వానలు పడగానే పెట్టేది. పిల్లల్ని తెచ్చి మీ మడుగులోనే వదులుదామనుకున్నాను."

"మరి నీ ప్రాణం ఇందులో ఎందుకు పెట్టుకున్నావు?"

"ప్రాణం అందులో ఉంటే తప్ప మనిషి దేన్నీ జాగ్రత్తగా చూసుకోడు నాయనా." కాసేపు ఊపిరి తీసుకుని అడిగాడు. "ఇంతకీ నువ్వు ఎన్నేళ్ల నుంచి తుడుస్తున్నావు?"

అరిందముడు తన చేతుల వంక చూసుకున్నాడు.

పొద్దు వాలకముందే ముసలాయన కన్నుమూశాడు. కొలనులో వాలుగ పొట్ట పైకి పెట్టి తేలింది. పెదవికి బంగారు పోగు తళతళలాడుతోంది.

అరిందముడు ఏడు సముద్రాలూ మళ్లీ దాటి వచ్చాడు. గట్టు రాగానే నీటికుక్క తుంగలోకి వెళ్లిపోయింది. రేవులో నూకాలు నిలబడి ఉంది. పరిగెత్తుకొచ్చి కుండలోకి తొంగి చూసింది. నీళ్లు, నీళ్ల అడుగున ఒక పోగు. అంతే.

అరిందముడు జరిగిందంతా చెప్పాడు. చెప్పి, "నా చేతులతో నేనే చంపాను నూకాలూ. దాన్నీ, అన్నిటినీ" అన్నాడు.

నూకాలు ఆశ్చర్యపోలేదు. అదీ ఘోరం.

"మాకు తెలుసు దొరా. మేం వద్దనుకున్న చేపని తడి చేత్తో పట్టుకుని, నీళ్లలోనే గాలం తీసి వదిలేస్తాం. మా ఇళ్లల్లో పసిపిల్లలకి కూడా తెలుసు. తాత అరిచింది అదే. చెయ్యి తడుపుకో బాబూ, తడుపుకో అని."

"మరి ఎవరూ నాతో చెప్పలేదేం? నువ్వు ప్రతి వేటకీ పడవలోనే ఉన్నావు కదా!"

"రాజుగారు దయ చూపిస్తుంటే అది తప్పని ఎవరంటారు? తాతని తోసేశారు. నాకు భయమేసింది." ఆ పిల్ల మొహం కప్పుకుని ఏడ్చింది. "జబ్బు చేపని నీటికాకి తినేది, నీటికుక్క తినేది. వాటినీ చంపేశాక మిగిలిన చేపలకీ జబ్బు అంటుకుంది. చూస్తూ ఊరుకున్నాం దొరా. నేనూ ఊరుకున్నాను."

ఆ ఏడాది వానలు సరిగా పడలేదు. మడుగు సగం ఎండింది. ఎండిన బురదలో పోగులు బయటపడ్డాయి. బంగారువి, వెండివి, రాగివి, కనుచూపు మేరా అవే. ముసలి రాజు గట్టు మీద నిలబడి వాటిని చూశాడు. గాలం విరిచి పారేసి కోటలోకి వెళ్లి పడుకున్నాడు, మళ్లీ లేవలేదు. నూకాలు తనవాళ్లని ఆపలేకపోయింది. నూరు పల్లెల్లో తొంభై పల్లెలు వెళ్లిపోయాయి.

పెళ్లి లేదా అంటారు. ఉంది. చేప లేని రాజ్యం మాకొద్దని అన్నలిద్దరూ తప్పుకుంటే అరిందముడు రాజయ్యాడు, నూకాల్ని పెళ్లి చేసుకున్నాడు. నలభై ఏళ్లు ఏలాడు. నీటికుక్కని ముట్టకూడదన్నాడు, నీటికాకిని కొట్టకూడదన్నాడు, చేపని పొడి చేత్తో పట్టకూడదన్నాడు. శాసనాలు మంచివే. పట్టడానికి చేపేదీ? ఎన్ని వానలొచ్చినా మడుగు నీళ్లతో నిండింది గానీ చేపతో నిండలేదు.

రోజూ పొద్దున రాజూ రాణీ రేవులోకి దిగి, చేతులు ముంచి, అలాగే ముందుకి చాచి నిలబడేవారు. చేతులు ఆరిపోయేవి. మళ్లీ ముంచేవారు. ముసలివాళ్లయ్యేదాకా అంతే.

ఆ రాజు లేడు, ఆ కోట లేదు. ఆ మిగిలిన పది పల్లెల్లో పిల్లలు మాత్రం ఇప్పటికీ మడుగు దగ్గరికి వెళ్తే ముందు చేతులు తడుపుకుంటారట. ఎందుకురా అంటే వాళ్లకి తెలీదు. పెద్దవాళ్లు అలా చేసేవారు, మేమూ చేస్తాం అంటారు. వాళ్లలో ఎవరూ వాలుగని చూడలేదు.

కథ ఆ రేవులో ఉండిపోయింది, మనం లేద్దాం పదండి. ఏయ్, నువ్వెందుకే ఏడుస్తున్నావు? చెప్పానా లేదా, ముందే చెప్పాను.