సుబ్బమ్మ ఫోనుకు పట్టని పిన్ను

మా గురువుగారు వీరనారాయణ స్వామికి ఒక అలవాటుంది. ప్రశ్న అడిగిన మనిషికి ఆయన వెంటనే జవాబు చెప్పరు. "ఉండు నాయనా, చూద్దాం" అంటారు. అడిగినవాడు ఉంటాడు. ఒక్కోసారి పూట గడుస్తుంది, ఒక్కోసారి ఏడాది గడుస్తుంది. పరమాత్మ గురించి అడిగినవాళ్లు కొందరు, పాపం, ఇంకా ఉంటూనే ఉన్నారు.

పాపాఘ్ని నది ఒడ్డున ఉన్న మా ఆశ్రమంలో ఆదివారం పొద్దున పాఠం జరుగుతుంది. వచ్చినవాళ్లు ఫోన్లు గుమ్మం దగ్గరి బుట్టలో వేసి లోపలికి రావాలి. ఆ ఆదివారం పాఠం ముగిసి, అందరం వసారాలో మజ్జిగ తాగుతుండగా ఓబులేసు మాస్టారు లేచారు. ఆయన హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతారు. కోపం రావడం ఆయనకు కొత్త కాదు గానీ, ఆ రోజు కోపంతోపాటు ఒక సంచీ కూడా తెచ్చారు. దాన్ని తీసుకొచ్చి స్వామి ముందు బోర్లించారు. నల్లవీ తెల్లవీ చిక్కులు పడిన ఛార్జర్ వైర్లు కుప్పగా వచ్చి పడ్డాయి.

"ఇవన్నీ మా ఇంట్లోవే సామీ. ఫోను మార్చినప్పుడల్లా వైరూ మార్చాల్సిందే. పాతవి పారేద్దామంటే మనసొప్పదు, వాడదామంటే దేనికీ పట్టవు. మనుషులందరిలో ఉండేది ఒకే చైతన్యమని మీరు ప్రతి ఆదివారం చెబుతారు గదా. ఈ ఫోన్లన్నిట్లోకి పోయేదీ ఒకే కరెంటు గదా! మరి దాని మూతికి ఇన్ని ఆకారాలెందుకు? అన్నిటికీ ఒకే పిన్ను పెట్టి చావండ్రా అని ఈ కంపెనీల వాళ్లకు చెప్పేవాడే లేడా?"

స్వామి వైర్ల వంక చూసి, "ఉండు నాయనా, చూద్దాం" అన్నారు.

మాస్టారు ఉండేవారేమో గానీ, చక్రపాణి ఉండలేకపోయాడు. బెంగుళూరులో ఫోన్లు తయారుచేసే ఒక కంపెనీలో అతను ఇంజనీరు. నెలకోసారి కారు నడుపుకుంటూ వచ్చి స్వామి పాఠం విని వెళ్తాడు. ఫోనులో పిన్ను పట్టే చోటు ఎలా ఉండాలో నిర్ణయించే జట్టులో అతనూ ఒకడు. అంటే మాస్టారి సంచీలో కొంత భాగం అతని పుణ్యమే.

"అందరికీ ఒకే పిన్ను అంటే వినడానికి బాగానే ఉంటుంది మాస్టారూ. రేపు ఇంతకన్నా మంచిది ఎవరైనా కనిపెడితే? వద్దు, పాతదే వాడమంటారా? మా కొత్త పిన్నుతో సగం సేపట్లో ఛార్జి ఎక్కుతుంది, తెలుసా?"

"ఎక్కుతుంది. నీది నీకే ఎక్కుతుంది. పక్కోడు చస్తున్నా వాడికి ఎక్కదు."

"ఎవరికి నచ్చింది వాళ్లు కొనుక్కుంటారు సార్. వాళ్లిష్టం."

"ఇష్టమా? ఈ కుప్ప చూసి చెప్పబ్బీ, ఇది నా ఇష్టమా, నా ఖర్మా?"

అప్పటిదాకా కళ్లు మూసుకుని మజ్జిగ ఆస్వాదిస్తున్న మిగతా శిష్యులు కూడా గ్లాసులు కింద పెట్టి చెరోపక్కా చేరారు. ద్వైతాద్వైతాల మీద కూడా మేమెప్పుడూ అంత శ్రద్ధగా పోట్లాడుకోలేదు.

ఆ గొడవలోకి వంటింట్లోంచి రామసుబ్బమ్మ పరుగున వచ్చింది. ఆశ్రమంలో వంట ఆమెదే. ఆమె తమ్ముడు గంగాధర్‌కు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వేంపల్లెలో తల్లి దగ్గర ఉంటూ, డయాలసిస్ చేయించుకుంటూ నెట్టుకొస్తున్నాడు. కిడ్నీ కోసం తిరుపతిలో ఒక ఆసుపత్రిలో పేరు రాయించారు. అతనికి సరిపోయేది దొరికితే ఫోను చేస్తామనీ, వెంటనే ఎత్తి బయలుదేరాలనీ, ఎవరూ ఎత్తకపోతే వరసలో తర్వాతి మనిషిని పిలుస్తామనీ అక్కడివాళ్లు చెప్పారు. గంగాధర్‌కు ఫోను ఎత్తే ఓపిక ఉండదని అక్క నంబరు ఇచ్చారు. అందుకే ఆశ్రమంలో ఫోను బుట్టలో వెయ్యకుండా కొంగున కట్టుకుని తిరగడానికి స్వామి అనుమతి ఉన్నది ఆమె ఒక్కదానికే.

"అయ్యా, ఈ ఫోనుకు పట్టే వైరు ఎవరి దగ్గరన్నా ఉందా? నా వైరును ఎలుక కొరికి పెట్టింది. అంగట్లో అడిగితే ఈ పిన్ను కడపలో తప్ప దొరకదన్నాడు. ఇదేమో ఇప్పుడో ఇంకాసేపటికో ఆరిపోయేటట్టుంది."

అందరం ఆ కుప్ప మీద పడ్డాం. ఒక వైరు సగం దూరి ఆగిపోయింది. ఒకటి లావైంది. ఒకటి దూరినట్టే దూరి, వదులై జారిపోయింది. తిప్పి పెట్టమని ఒకరు, నొక్కి పెట్టమని ఒకరు. ఇంతలో చక్రపాణి ఆ ఫోను అందుకుని చూశాడు. అతని ముఖం వెలిగిపోయింది.

"అరె, ఇది మా కంపెనీ ఫోనే! ఆగండక్కా, కార్లో నా వైరుంది."

పరుగెత్తి తెచ్చాడు. పెట్టాడు. పట్టలేదు. తిప్పి పెట్టాడు. ఊహూఁ.

"ఇది... పాత మోడలండీ. పోయినేడు పిన్ను మార్చాం."

"ఎవరు మార్చారు?" అన్నారు మాస్టారు, జవాబు తెలిసీ.

"మేమే."

ఇక మాస్టారిని పట్టడం ఎవరి తరం? "చూశారా సామీ! సొంత ఇంటి బిడ్డకే అన్నం పెట్టలేని తల్లి! వీళ్ల ఫోనుకు వీళ్ల వైరే పట్టదట!" అని వసారా అదిరేలా అరిచారు. చక్రపాణికీ రోషం వచ్చింది. మార్పు లేకుండా ముందుకు పోవడం ఎలాగో చెప్పమన్నాడు. వెనక్కి పోతోంది ఎవరో చూసుకోమని మాస్టారు. మళ్లీ అందరం చెరోపక్కా చేరాం.

"ఆరిపోయింది" అంది సుబ్బమ్మ.

ఎవరికీ వినపడలేదు. ఆమె చేతిలోని నల్లటి అద్దాన్ని మా మధ్యకు చాచి ఈసారి గొంతెత్తింది.

"అయ్యల్లారా! మీ వాదాలు తర్వాత పెట్టుకోండి. ఆసుపత్రోళ్లు నా తమ్ముణ్ణి ఇప్పుడు పిలిస్తే, పలికేదెవరు?"

స్వామి లేచి నిలబడ్డారు. ఆయన గొంతు పెద్దదవడం మేము ఆ రోజే విన్నాం.

"కరెంటుంది. గోడకు ప్లగ్గుంది. కుప్పకుప్ప వైర్లున్నాయి. తయారుచేసినవాడు కూడా ఇక్కడే ఉన్నాడు. అయినా ఆ పిల్ల ఫోను చచ్చిపడింది. దాని పక్కన కూర్చుని మీరు సిద్ధాంతాలు మాట్లాడుతున్నారు. సిగ్గేయడం లేదూ?"

ఆయన చక్రపాణి వైపు తిరిగారు. "ఈ అమ్మాయి నంబరు ఈ ఫోనులో ఎక్కడుంటుంది?"

"సిమ్ములో స్వామీ."

"ఆ సిమ్ము నీ ఫోనులో పడుతుందా?"

"పడుతుంది స్వామీ. ఏ కంపెనీ ఫోన్లో అయినా పడుతుంది. అందరం ఒకే సైజు..." అంటూ అతను అక్కడే ఆగిపోయాడు.

సుబ్బమ్మ అప్పటికే గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసి చాచింది. చక్రపాణి బుట్టలోంచి తన ఫోను తెచ్చాడు. తెచ్చి, ఒక్క క్షణం తటపటాయించి, "ఆఫీసు నుంచి ఏమన్నా..." అని గొణిగాడు. స్వామి అతని వంక చూశారు, అంతే. ఆ మాట పూర్తి కాలేదు. పిన్నీసు మొనతో నొక్కి తన సిమ్ము తీసేసి, గోరంత ఆమె సిమ్మును పెట్టాడు. అది ఆ గూటిలో పుట్టినట్టే కూర్చుంది. వసారాలో అది పాతదా కొత్తదా అని ఎవరూ అడగలేదు.

"దీనికి ఒకటే కొలత అని ఒప్పుకున్నప్పుడు మీ తెలివితేటలకేమైనా లోటు వచ్చిందా నాయనా?" అన్నారు స్వామి.

చక్రపాణి జవాబు చెప్పేలోపే ఫోను కుయ్యిమంది. మెసేజి. ఫోను ఆగిపోయి ఉన్నప్పుడు ఎవరో చేశారని. అది ఆసుపత్రి నంబరని చూసి సుబ్బమ్మ వెంటనే తిరిగి చేసింది. చక్రపాణి వేలు చాచి, అవతలి మాట అందరికీ వినపడేలా స్పీకరు నొక్కాడు.

"గంగాధర్ గారి అక్కగారా? ఎక్కడికి పోయారండీ? ఇప్పుడే తర్వాతి పేరుకి చేద్దామనుకుంటున్నాం. పేషెంటుకు ఏమీ పెట్టకుండా వెంటనే తీసుకురాగలరా?"

"వస్తన్నామమ్మా, బయలుదేరినాం, వస్తనే ఉన్నాం" అంది సుబ్బమ్మ, ఇంకా చెప్పులైనా వేసుకోకుండానే.

ఆమెకు చెప్పులు ఒకరు అందించారు, పొయ్యి మీది కూర ఇంకొకరు దించారు. చక్రపాణి కారు తీశాడు. దారిలో వేంపల్లెలో గంగాధర్‌ను ఎక్కించుకుని నేరుగా తిరుపతికి పోవాలి. ఫోను ఆమె చేతిలోనే ఉంది. అతని సిమ్ము అతని చొక్కా జేబులో ఉంది.

కారు మలుపు తిరిగింది. మాస్టారు తన వైర్లన్నీ ఏరి సంచీలో కుక్కుకుంటూ, కోపం ఇంకా తగ్గని గొంతుతో అడిగారు.

"మరి నా ప్రశ్న సామీ? ఒకే పిన్ను ఉండాలా, వద్దా? మీరు చెప్పనే లేదు."

స్వామి రోడ్డు మీద లేచిన దుమ్ము వైపే చూస్తున్నారు.

"నన్నెందుకు అడుగుతావు నాయనా? జవాబు చెప్పాల్సినవాడు కారు నడుపుతున్నాడు. అడగాల్సిన మనిషి వాడి పక్కనే కూర్చుంది."