కాదన్న చిలుక

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు లోహవిద్య నేర్చాడు, నడిమివాడు నక్షత్రవిద్య నేర్చాడు, కడగొట్టువాడు మణిధరుడు వైద్యం నేర్చాడు.

ఆ రాజ్యానికి కంకాళుడనే మాంత్రికుడొచ్చి, రాజును మంత్రంతో మంచాన పడేసి, తానే ఏలసాగాడు. వాడేమన్నా జనం "చిత్తం" అనాలి. అననివాడికి చెరసాల.

ఒకనాడు పెద్దవాణ్ణి పిలిచి, "దేశం కోసం అగ్నిబాణాలు చెయ్యి" అన్నాడు. "చిత్తం" అన్నాడు పెద్దవాడు. ఆ బాణాలకు ఏటి దిగువనున్న పొరుగు రాజ్యం విరజాపురంలో ఒక పల్లె బూడిదైంది. నడిమివాణ్ణి పిలిచి, "దేశం కోసం పంచాంగం మార్చు. లోకమేలే జాతకం మన జాతికే ఉందని రాయి" అన్నాడు. అబద్ధమని తెలిసీ "చిత్తం" అన్నాడు నడిమివాడు. ఆఖరికి మణిధరుణ్ణి పిలిచాడు.

"దేశం కోసం విషం కాచు. ఏట్లో కలిపితే విరజాపురం పీడ విరగడవుతుంది."

మణిధరుడికి భయమేసింది. అయినా, "నేను నేర్చింది ప్రాణం నిలిపే విద్య. ఆ నీళ్లు పసిపిల్లలూ తాగుతారు. నావల్ల కాదు" అన్నాడు.

"దేశద్రోహీ!" అంటూ మాంత్రికుడు అతణ్ణి సముద్రంలోకి తోయించాడు.

మునిగిపోతున్నవాణ్ణి ఒక ముసలి తాబేలు వీపున ఎక్కించుకుంది. "నాయనా, వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉంది. దాని మెడ విరిస్తే సరి" అంది. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. అక్కడొక గుహ, గుహలో ఇనుప పంజరం, పంజరంలో చిలుక.

మణిధరుడు ఊచల సందున చెయ్యి పెట్టి చిలుక మెడ పట్టుకున్నాడు. వేళ్ల కింద దాని గుండె టపటపా కొట్టుకుంది.

"నేనేం పాపం చేశాను బాబూ?" అంది చిలుక.

అతని పట్టు సడలింది. "నిన్ను చంపకుండా వాడి పీచమణిచే దారి లేదా?"

"ఉంది. వాడి మాట ఈ గుహలో మోగుతుంది. నేను చిత్తమంటాను, అక్కడ జనమూ చిత్తమంటారు. నేను కాదంటే వాడి మంత్రం చెడుతుంది. కానీ నాకు భయం."

"నాకూ భయమేనమ్మా. ఇద్దరం కలిసి అందాం."

పంజరం తెరిచి దాన్ని భుజాన కూర్చోబెట్టుకున్నాడు. అంతలో గుహ దద్దరిల్లింది. "ఏట్లో విషం కలపండి!"

"కాదు!" అన్నాడు మణిధరుడు.

చిలుక వణికింది. రెక్కలు ముడుచుకుంది. కళ్లు మూసుకుని, "కాదు!" అని అరిచింది.

అక్కడ ఏటి గట్టున, కంకాళుడు వేరేవాడితో కాయించిన విషపు కుండ పట్టుకున్న భటుడు ఆగిపోయాడు. "కాదు, నేను పొయ్యను" అన్నాడు. పక్కవాడూ అన్నాడు. ఊరంతా అంది. రాజు మంచం దిగాడు. మంత్రం చెడిన కంకాళుడు ఉత్త ముసలివాడైపోతే, భటులు వాణ్ణే చెరసాలలో పెట్టారు.

మణిధరుడు తిరిగొచ్చాక పెద్దన్న అతని చెయ్యి పట్టుకుని, "నేను చిత్తమన్నవాణ్ణి తమ్ముడూ. పట్టం నీదే" అన్నాడు. కాలిన పల్లెకు వెళ్లి, తన చేతుల్తో గోడలు లేపాడు. నడిమివాడు నలుగురిలో నిలబడి, తను రాసింది అబద్ధమని చెప్పాడు.

విరజాపురం రాకుమారి మందారిక వచ్చి, "మా ప్రాణాలు కాపాడింది నువ్వేనా?" అంది.

"నేనొక్కణ్ణే కాదు, భయపడుతూనే నోరు తెరిచిన ఒక చిలుక కూడా" అన్నాడు మణిధరుడు.

ఆమె నవ్వింది. ఇద్దరి పెళ్లి పందిట్లో రెండు దేశాలవాళ్లూ ఒకే బంతిన కూర్చుని తిన్నారు. మణిధరుడూ మందారికా తలలు నెరిసేదాకా చల్లగా ఏలారు. వాళ్ల కథ ఊరూరా తిరిగి మన వాకిట్లోకొచ్చింది. విన్నారుగా, ఇక పడుకోండి.